ఎనభై దగ్గర ఆపు

జావ్‌ఖాన్ కొండల్లో మూడు రోజులు గాలి, మంచు.
నా బండి ముక్కుదాకా కూరుకుపోయింది.
నేను గొర్రెలకు టీకాలేసేవాణ్ణి, లెక్కలు రాసేవాణ్ణి.
సంచిలో సూదులు, చంకలో సర్కారు టాబ్లెట్.
దెల్గెర్‌మా ఉన్ని గుడారం తలుపు తీసి
ముందు నా బూట్లు చూసింది, తరవాత నన్ను.

నలభై ఒక్క శాతం ఉండగానే
తెర నల్లబడింది.
"చచ్చింది," అన్నాను.
"మూర్ఛపోయింది," అంది.
"ఆ తేడా తెలియకుండానే
పశువుల డాక్టరువెలా అయ్యావు?"

పొయ్యి పక్కన పెట్టబోతే
చేతి మీద ఒక్కటిచ్చింది.
"బిగుసుకుపోయిన పిల్లని నిప్పుల్లో పెడతావా?"
తన దేల్ కోటు గుండీలు విప్పింది.
ఎడమవైపు నిన్న పుట్టిన గొర్రెపిల్ల,
ఇంకా తడారని చెవులు.
కుడివైపు గుడ్డలో చుట్టిన తన ఫోన్.
రెంటి మధ్యా నా దానికి చోటు చేసింది.
గంట తరవాత అది కళ్ళు తెరిచింది.
ముప్పై తొమ్మిది.

ఆ రాత్రి నాకూ విద్య చూపించాలనిపించింది.
ఆమె ఫోన్ తీసుకుని తెర వెలుగు తగ్గించాను,
వెనకాల నిద్రపోకుండా తిరిగేవాటిని పడుకోబెట్టాను.
"ఇదేంటి?"
"లొకేషన్. మీరెక్కడున్నారో ఆకాశాన్ని అడుగుతూ ఉంటుంది."
"నేనెక్కడున్నానో నాకు తెలుసు. దానికెందుకు? తీసెయ్."
"ఇది వణుకు. ఫోనొస్తే వణుకుతుంది."
"వణికితే ఒంట్లో కొవ్వు కరిగిపోతుంది. తీసెయ్."
"ఇది, ఎవరేమన్నారో నిమిషానికోసారి వచ్చి చెబుతుంది."
కాసేపు మాట్లాడలేదు.
"మా తోడికోడలూ అంతే," అంది.
"దాన్ని ఆపే మీట మాత్రం దొరకలేదు."

మర్నాడు మధ్యాహ్నం ఒక గంట ఎండ.
గుడారం మీది సోలార్ పలకని మోచేత్తో ఊడ్చింది.
తీగ పెట్టింది, ముందు నా దానికి, తరవాత తన దానికి.
తన దానికి ఎనభై రాగానే పీకేసింది.
"నిండనివ్వండి!"
"పరుగెత్తొచ్చిన గుర్రానికి
కడుపునిండా నీళ్ళు పెడతారా?
చెమటారేదాకా కట్టేస్తాం, దాహంతోనే.
మరీ ఎండగట్టం కూడా.
అలాగైతేనే ఇంకో వేసవి చూస్తుంది."
"ఎవరు చెప్పారు?"
"గుర్రం."

శిక్షణలో మాకు పన్నెండు పేజీలిచ్చారు.
అందులో గుర్రం లేదు.

మూడో పొద్దున గాలి ఆగింది.
దొడ్డి వెనక, ఒకదాని మీద ఒకటి ఆనుకుని
నిలబడినవి నిలబడినట్టే.
నన్ను లెక్కపెట్టనివ్వలేదు.
ఒక్కొక్క దాని నుదురూ ముట్టుకుంటూ తనే లెక్కపెట్టింది.
నూట పద్దెనిమిది.
తొడుగు తీసి అంకె కొట్టాను, వేలు అద్దానికి అతుక్కుంది.
కారణం? అని అడిగింది టాబ్లెట్.
తోడేలు, దొంగతనం, గాలికుంటు,
విషపు మొక్క, ఈత కష్టం...
చలి అన్నింటికన్నా అడుగున ఉంది.
అక్కడికి చేరేసరికి ఒక శాతం పోయింది.

సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాం.
నా లెక్క వెళ్ళింది.
ఆమె ఫోన్ తీసింది.
చలికాలమంతా చంటిబిడ్డలా దాచినది
ఎవరికి చేస్తుందా అని చూశాను.
కనుమ అవతల ఎవరికో.
"మీ వైపు గడ్డి ఉందా?"
విన్నది.
"సరే. బతికినవి తోలుకొస్తా."
పదకొండు సెకన్లు.
మళ్ళీ ఆపేసి గుండెలో తోసుకుంది.
కోటు మెడలోంచి పిల్ల తల బయటపెట్టి
నన్ను చూసి అరిచింది.

ఇప్పుడు ఊళ్ళో ఉన్నాను.
మంచం పక్కనే గోడకి ప్లగ్గు,
ఎంత కావాలంటే అంత కరెంటు.
అర్ధరాత్రి మెలకువొచ్చి చూస్తే ఎనభై రెండు.
లేచి పీకాను. తీగ వెచ్చగా ఉంది.
అద్దం మీద ఇంకా జున్నుపాల వాసన.
రేపు ఆఫీసులో అప్పజెప్పాలి,
తుడవమంటారు.